సారథి ప్రక్క ఆసనము: మా అరకు ప్రయాణము

దూరప్రయాణమునకు బయలుదేరువారు పులిహోర, మందులు, దుప్పట్లు అన్నియు మూటగట్టుకొందురు గాని, దినమంతయు తాము కూర్చుండవలసిన ఆసన మెట్లున్నదో చూచువారు అరుదు. వయసులో నున్నవారి కది చెల్లును. మోకాళ్లు పట్టివేసిన పెద్దవారికి మాత్రము ప్రయాణము సాగుటయు మానుటయు ఆ యాసనము మీదనే యాధారపడి యుండును. 2024 నవంబరులో, కార్తికమాసమున, రాజమహేంద్రవరము నుండి అరకులోయకు మేము చేసిన ప్రయాణమును గూర్చి వ్రాయుట యిందుకొఱకే.

మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. వారి అక్కగారు అరకులో కుమారుని యింట మంచము పట్టి యున్నారు. అప్పచెల్లెండ్రు ఒకరి నొకరు చూచుకొని నాలుగేండ్లయినది. అత్తగారు బస్సు కుదుపున కోర్వలేరు, రైలు మెట్లెక్కలేరు. "ఇక అక్కను చూచుట యీ జన్మమున లేదే అమ్మాయీ" యని వారొకనాడు వంటయింటి గడప కానుకొని యనిరి. ఆ మాట విన్న తరువాత ఇంట నెవ్వరికిని అన్నము సహింపలేదు.

మా మరది పాత క్యాంపర్ వ్యాను నొకదానిని కొని యున్నాడు. వెనుక మంచము, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్లతొట్టి, మూల నొక మరుగుదొడ్డి గల బండి యది. పుష్పకమున ఎంద ఱెక్కినను ఇంకొకరికి చోటుండెనట. ఈ బండిలో చోటు గలదు గాని సుఖము లేదు. "వదినా, వెనుక మంచమున్నది గదా, అమ్మను పడుకోబెట్టి తీసికొనిపోదము" అని మరది యనెను. మే మొప్పుకొనలేదు. నడచు బండిలో మంచముపై నున్నవారికి పట్టీ యుండదు. గట్టిగా బ్రేకు వేసినచో పడుకొన్న మనిషి ముందునకు విసరివేయబడును. మంచము బండి నిలిచిన తరువాతి ముచ్చట. కావున సారథి ప్రక్క ఆసనమే గతి యయ్యెను.

ఆ యాసనమును మేము కూర్చుండి చూచితిమి. లోని స్పాంజి నడుమ క్రుంగి గుంట యైనది. పైన రెగ్జిను, అరగంటలో వీపు చెమర్చును. అంతకుమించిన చిక్కు మఱొకటి. బండి నిలిపినప్పుడు ఆసనమును వెనుకకు త్రిప్పుకొని ఇంటివారితో ఎదురెదురుగా కూర్చుండుటకై, దాని క్రింద తిరుగు చట్రము నెవ్వరో బిగించిరి. దానిచే ఆసనము రెండంగుళములు పైకి లేచినది. అత్తగారు పొట్టివారు; వారి పాదములు నేల కానక వ్రేలాడుచుండెను. పాదము లానకున్న బరువంతయు తొడల క్రిందిభాగముపై పడును, అచ్చటి రక్తపు నడక మందగించును, సాయంకాలమునకు కాళ్లు వాచును. చాలమంది పెద్దవారు "ప్రయాణము పడదు" అనుటకు కారణ మిదియే యని మా నమ్మకము.

సీట్లు కుట్టు పనివాడు ఆఱంగుళముల మెత్తని దిండు వేసెదననెను. వలదంటిమి. అతిమెత్తన తొలిగంట హాయి, తరువాత బాధ; మనిషి లోనికి దిగి మోకాళ్లు పైకి లేచును. మఱియు విడిదిండుమీద కూర్చున్నవారు కదలి జాఱుచుందురు, పట్టీ తుంటియెముకలమీద నుండక పొట్టమీదికి ప్రాకును. అందుచే పైన దిండు వేయక, లోని పాత స్పాంజినే తీయించి, 40 సాంద్రత గల గట్టి స్పాంజి నింపించి, దానిపై ఒక్క యంగుళము మాత్రము మెత్తనిది వేయించితిమి. రెగ్జిను మీద ముతక నేతగుడ్డ తొడుగు కుట్టించితిమి. (ప్రక్కలలో గాలిసంచులు గల క్రొత్త బండ్లకు ఇట్టి తొడుగులు కుట్టింపరాదు, ఆపద్వేళ సంచి విచ్చుకొనుటకు అడ్డగును. మా పాతబండికి ఆ చింత లేదు.)

పాదములకు వడ్రంగిచే ఏటవాలు పీట చేయించి, అడుగున రబ్బరు అంటించి, కదలకుండ బిగించితిమి. ఇక ఆసనపు లోతు. మోకాలి వెనుకకును ఆసనపు అంచునకును నడుమ రెండుమూడు వ్రేళ్ల సందుండవలెను. అత్తగారికి సందు లేదు. నడుము వంపున తువ్వాలును చుట్టగా చుట్టి కట్టగా, వీపునకు ఊత దొరకుటయేగాక వారు ముందునకు జరిగి ఆ సందును కుదిరినది. వీపుపలకను కొంచెము మాత్రమే వెనుకకు వాల్చితిమి. ఎక్కువ వాల్చినచో పట్టీ వదులై మనిషి దాని క్రిందుగా జాఱిపోవును.

శుక్రవారము తెల్లవారుజామున బయలుదేరితిమి. మావారు బడికి ఒకనాటి సెలవు పెట్టిరి. చక్రములలో గాలి యెక్కువైనచో ప్రతి గతుకును నడుమునకు తగులునని మరది ముందుగనే గాలి సరిచూపించెను. గంటన్నర కొకమాఱు బండి నాపి అత్తగారిని నాలుగడుగులు నడిపించుచు, నడుమ నడుమ మడమలు ఆడింపుమని జ్ఞాపకము చేయుచుంటిమి. అన్నవరమున కార్తికపు రద్దీ చెప్పనలవి గాదు; అత్తగారు క్రిందనుండియే రత్నగిరికి మ్రొక్కి, అడ్డాకులోని ప్రసాదము కన్నుల కద్దుకొని తినిరి.

ఇచ్చట స్త్రీలకు మాత్రమే తెలిసిన మాట యొకటి చెప్పవలెను. దారిలో మరుగు దొరకదను భయముచే మనము ప్రయాణమున మంచినీళ్లు మానుదుము. నీళ్లు చాలకున్న తల నొచ్చును, కాళ్లు తిమిరియెక్కును. ఆ నింద పాప మాసనముపై పడును. బండిలో చిన్న మరుగుదొడ్డి యుండుటచే అత్తగారు నిశ్చింతగా నీళ్లు త్రాగిరి. ఆ బండిలో మాకు మిక్కిలి నచ్చినది అదియే.

తుని, అనకాపల్లి దాటి, సబ్బవరము, కొత్తవలసల మీదుగా శృంగవరపుకోట చేరి, తెలిసినవారి దొడ్డిలో బండి నిలిపి రాత్రి గడపితిమి. మరునాడు ఘాటు. అనంతగిరి కొండలపై మలుపు వెంట మలుపు. సిల్వరు ఓకు చెట్లకు మిరియపు తీగలు ప్రాకియుండగా వాని నీడన కాఫీ తోటలు. ఎడమ మలుపున దేహము కుడికి, కుడి మలుపున ఎడమకు ఒరగుచుండ, అత్తగారు పీటపై పాదములు మోపి, తలుపు పిడి పట్టుకొని, నిబ్బరముగ కూర్చుండి బయటకు చూచుచుండిరి. బొఱ్ఱాగుహల దారి వచ్చినప్పుడు "మీరు చూచి రండు, నే నిచ్చటనే యుందును" అనిరి. మెట్లు వారికి శక్యము గావు. మే మెవ్వరమును దిగలేదు.

గాలికొండ దాటి లోయలోనికి దిగుసరికి పొలములన్నియు వలిసెపూలతో పచ్చగా నుండెను. పసుపు గుమ్మరించినట్లన్న మాట కవులు వాడి వాడి అరగదీసిరి గాని, అచ్చట వేఱుమాట తోచదు.

అక్కగారి వాకిట బండి నాపగానే మరది చేయందింపబోయెను. అత్తగారు వలదని తలుపుపిడి యూతగా తామే దిగిరి. చీలమండలు చూచితిమి, వాపు లేదు. అక్కగారు మంచముపై లేవబోగా, "లేవకే అక్కా, నేనే వచ్చితిని" యని వారు లోనికి నడచిపోయిరి. తిరిగి వచ్చునప్పుడు కొండ దిగుటలో దేహము ముందునకు జాఱుచుండుటచే పీటను రెండంగుళములు దగ్గఱకు జరిపి బిగింపవలసివచ్చెను. తువ్వాలు చుట్టను మాత్రము అత్తగారు అక్కగారి వీపు వెనుక నుంచి వచ్చిరి. బండికి మఱియొకటి చుట్టితిమి.