ఉప్పలు దీపములు

భాగ్యనగరమునకు తూర్పున, మూసీనదికి ఉత్తరపు దిక్కున ఉప్పలు ఉన్నది. దానికి మఱికొంత ఉత్తరమున నాచారము. ఒకప్పుడివి వేఱువేఱు గ్రామములు. ఇప్పుడు రెంటి నడుమ పొలమన్నది కానరాదు. నాగోలున మెట్రో రైలెక్కినచో ఉప్పలు, స్టేడియము, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ వరుసగా వచ్చును. 2017 నవంబరు నుండి ఈ రైలు నడచుచున్నది. పగలు క్రిందికి చూచిన బస్సులును జనమును. రాత్రి చూచిన దీపములే దీపములు.

నాచారమున కాపురమున్న మా ఆడుబిడ్డ కుమార్తె, పదునెనిమిదేండ్ల పిల్ల, ఆ రైలులో నా ప్రక్కను కూర్చుండి, "అత్తయ్యా! ఆ దీపాలన్నిటికీ తోకలున్నవి. నీకు కనబడవా?" అని యడిగినది. ఏడాదిలో అద్దములు మూడుమారులు మార్చిరి. అయినను మసక పోలేదు. ఇంటిలోనివారు చదువు తప్పించుకొనుటకు నెపమనిరి. చెప్పినమాట నమ్మకపోవుటకంటె ఆడుపిల్లకు కష్టమేమున్నది?

నాచారమనగానే నందమూరి తారకరామారావుగారి స్టూడియో జ్ఞప్తికి వచ్చును. ఆయన తొలిచిత్రము 1949 నాటి 'మనదేశం'. దానికి దర్శకులు ఎల్.వి.ప్రసాదుగారు. వారి పేరిటనే 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు బంజారాహిల్సులో నేత్రవైద్య సంస్థను నెలకొల్పిరి. కంటిలోని వంకరలను తరంగాగ్ర మాపకముతో కొలుచు పరిశోధన అచ్చట జరిగినది.

ఈ మాపకము సంగతి మన ముగ్గుతో సుళువుగా తెలియును. గడ్డమానించి కూర్చున్నచో, సామాన్యముగా కంటికి కానరాని పరారుణ కిరణమొకటి సన్నగా లోనికి పోయి, రెటీనాపై పడి, కనుపాప గుండా మరల వెలికి వచ్చును. వెలుపల చిన్నచిన్న కటకములు గళ్ళుగళ్ళుగా పేర్చియుందురు. ఒక్కొక్క కటకము ఒక్కొక్క వెలుగుచుక్క పెట్టును. కన్ను నిర్దోషమైన చుక్కలు సరిగా వరుసదీరును, లేనిచో చెదరును. ఏ చుక్క ఎంత జరిగినదో లెక్కగట్టి కంటి వంకరను చెప్పుదురు. 1900 ప్రాంతమున హార్ట్‌మన్ అను జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు దూరదర్శినిని పరీక్షించుటకు రంధ్రములున్న పలకను వాడెను. 1971లో అమెరికాలో షాక్, ప్లాట్ అనువారు రంధ్రములకు మాఱుగా కటకములుంచిరి. 1994లో హైడల్‌బర్గులో దీనిని మనుష్యుని కంటిపై ప్రయోగించిరి. నక్షత్రములకై పుట్టినది మన కంటికి వచ్చినదన్నమాట!

మా పిల్ల చుక్కలు ఒక ప్రక్కకు బాగుగా చెదరినవి. తోకచుక్కవలె సాగు ఈ దోషమును 'కోమా' యందురు. మామూలు కంటియద్దము దూరదృష్టి, హ్రస్వదృష్టి, అడ్డువంకర — వీనిని మాత్రమే దిద్దగలదు, దీనిని దిద్దలేదు. కార్నియా పటమును గూడ తీసి కెరటోకోనస్ అని నిర్ణయించిరి. కార్నియా పలుచబడి శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చు వ్యాధి యిది. కన్నులు నులుముకొనుట దీనిని పెంచునట. మా పిల్లకు ఆ యలవాటు చిన్ననాటినుండియు గలదు.

గట్టి కాంటాక్టు లెన్సు పెట్టినచో దానిక్రింద కన్నీరు నిండి మిట్టపల్లములను కప్పును. మసక చాలవరకు తగ్గును. వ్యాధి ముదురకుండ రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయుదురు. ఎడమకంటికి ఆ చికిత్స వచ్చు మాసమున. ఆ చుక్కల పటమును మా ఆడుబిడ్డ అద్దము బీరువాలో భద్రపఱచినది. నెపమన్నవారికి ముందుగా చూపినది.