సండూరు కొండలకు ఎల్‌1 టెండరా?
కర్ణాటకలో సండూరు కొండలున్న బళ్ళారితో పాటు చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల గనుల నేలను గనుల సొమ్ముతోనే బాగుచేయాలన్నది 2013 సుప్రీంకోర్టు తీర్పు సారం. అందుకోసమే కర్ణాటక మైనింగ్ పర్యావరణ పునరుద్ధరణ సంస్థ (కేఎంఈఆర్‌సీ) పుట్టింది, 2022లో పర్యవేక్షణకు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి వచ్చారు. డబ్బుకు కొదవ లేదు, చిక్కు టెండరు దగ్గరే. రోడ్డయితే అందరికంటే తక్కువ రేటు వేసినవాడికి (ఎల్‌1) ఇచ్చి, మందం కొలిచి బిల్లు పాస్ చేయొచ్చు. గుట్ట వాగులో చెక్‌డ్యామ్ అలా కాదు. కట్టిన రోజు ముచ్చటగానే ఉంటుంది. రెండు వానలకు ఎర్రమట్టితో పూడి, నీళ్ళు పక్కగట్టును కోసుకుపోతే తెలుస్తుంది అసలు సంగతి. అప్పటికి ఫైనల్ బిల్లు అయిపోయి ఉంటుంది.

ఎల్‌1 వదిలేస్తే అయినవాళ్ళకే కట్టబెడతారంటారు. బళ్ళారిలో ఆ అనుమానం ఊరికే రాలేదు. అయితే షరతులే ఒకరి కొలతకు రాస్తే ఎల్‌1 మాత్రం ఏం ఆపుతుంది? ధరలో పోటీ ఉంచండి. సొమ్ములో కొంత మూడు వానాకాలాలు ఆపి, పూడిక కొలిచి, బతికిన మొక్కలు లెక్కపెట్టాకే ఇవ్వండి. చిన్న కాంట్రాక్టరు అన్నాళ్ళు తట్టుకోలేడంటే, పనిని చిన్న ప్యాకేజీలుగా విడగొట్టి టెండర్లు పిలవండి.