ఈ ఏడు నేనాడిన ఆటలు

ఈ ఏడాది ఫోన్‌లో చాలా ఆటలే ఆడాను. లూడో కింగ్‌లో ఇంట్లో అందరికీ ఓడిపోయాను, దాని సంగతి వదిలేద్దాం. మనసులో నిలిచింది 2014లో వచ్చిన 'నెవర్ అలోన్'. అలాస్కాలోని ఇనుపియాట్ ఆదివాసుల కథ. ఆగని మంచుతుఫాను ఎక్కడ పుడుతోందో వెతుకుతూ నూనా అనే పిల్ల తెల్లనక్కతో కలిసి బయల్దేరుతుంది. తెల్ల ఎలుగు తరిమేచోట ఎన్నిసార్లు చచ్చానో! ఆ జాతి పెద్దలతో కూర్చుని తయారుచేసిన ఆట. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే ఉంటుంది.

బడిలో చూపించాను. రెండో తరగతి పిల్ల, "సారూ, మన మాటలో లేదా?" అని కోయలోనే అడిగింది. బడిలో కోయ మాట్లాడొద్దని ఒకప్పుడు పిల్లల్ని కసిరిన సారును నేనే. లేదని కోయలోనే చెప్పాను. మర్నాడు మా అమ్మ చెప్పిన పులి కథ రికార్డు చేసుకొచ్చి వినిపించాను. సగంలో ఛార్జింగ్ అయిపోయింది. మిగతాది ఆ పిల్లే చెప్పింది.