ఆస్ట్రేలియాలో కాపురం ఎక్కడ?

పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారని చెప్పగానే మన కాలనీలో వినవచ్చే తరువాతి ప్రశ్న "సిడ్నీయా, మెల్‌బోర్నా?" అన్నదే. ఆ దేశంలో ఉన్నవి ఆ రెండు నగరాలే అన్నట్లు! వైశాల్యంలో మన దేశానికి రెండింతలు పైబడిన ఆ ఖండంలో జనాభా మూడు కోట్లకు లోపే. అందులోనూ దాదాపు మూడింట రెండు వంతుల మంది రాజధాని నగరాలలోనే నివసిస్తారు. కనుక ఆస్ట్రేలియాలో స్థిరపడటమంటే ఐదారు నగరాలలో ఒకదానిని ఎన్నుకోవడమే.

మా అమ్మాయి, అల్లుడుగారు సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డారు. మెల్‌బోర్న్‌లో ఆరు సంవత్సరాలుగా అద్దె ఇంట్లో ఉన్న ఆ దంపతులకు ఇల్లు కొనుక్కునే తరుణం వచ్చింది. అదే సమయంలో విద్యుత్ రంగంలో పనిచేసే అల్లుడుగారికి అడిలైడ్ నుంచి ఒకటి, పెర్త్ నుంచి ఒకటి ఉద్యోగావకాశాలు వచ్చాయి. "మీరిద్దరూ వచ్చి అన్నీ చూసి, మీకు తోచినది చెప్పండి" అని పిలిచారు. అందుచేత మా పది వారాల పర్యటన వింతలు చూడటానికి కాక, పేటలు చూడటానికి సాగింది. మాలో ఒకరిది ఇంజనీరు చూపు, మరొకరిది ఇల్లాలి చూపు. రెండూ ఎప్పుడూ ఏకీభవించలేదని ముందే మనవి చేస్తున్నాము.

ఎకానమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే సంస్థ ఏటేటా ప్రకటించే నివాసయోగ్య నగరాల జాబితాలో మెల్‌బోర్న్ 2011 నుంచి 2017 వరకు వరుసగా ఏడు సంవత్సరాలు ప్రథమ స్థానంలో నిలిచింది. వైద్యం, విద్య, రవాణా, శాంతిభద్రతలు, సంస్కృతి మున్నగువాటిని తూచి ఆ జాబితా మార్కులు వేస్తుంది. ఇంటి ధరను మాత్రం లెక్కలోకి తీసుకోదు. నెలజీతంపై బ్రతికే కుటుంబానికి మొట్టమొదట కావలసిన లెక్క అదే కదా!

మెల్‌బోర్న్ నగర కేంద్రం నిస్సందేహంగా మనోహరం. 1837లో గళ్ళ నోటుపుస్తకంలా గీసిన వీధులు, 1851 తరువాత బంగారం రాబడితో లేచిన రాతి భవనాలు, వాటి మధ్య ట్రాములు. సుమారు 250 కిలోమీటర్ల ఆ ట్రాము మార్గం ప్రపంచంలోనే అతి పెద్దది. నగర మధ్యభాగంలో 2015 నుంచి ట్రాముకు టిక్కెట్టు లేదు. ఉదయం ఎక్కి సాయంత్రం వరకు ఊరికే తిరిగినా అడిగేవారు లేరు. మేమూ ఒకరోజు అలాగే తిరిగాము.

కాని మా అమ్మాయి ఉండేది ఆ మెల్‌బోర్న్‌లో కాదు. నగరానికి పశ్చిమంగా దాదాపు 25 కిలోమీటర్ల దూరాన తార్నీట్ అనే శివారు పేటలో. మన భారతీయులు వేల సంఖ్యలో ఉన్న ప్రాంతం అది. కందిపప్పు, గోంగూర నడిచివెళ్ళే దూరంలో దొరుకుతాయి. సాయంత్రం వీధిలో నడుస్తుంటే పోపు వాసన, తెలుగు మాట. అక్కడ రైలు స్టేషను 2015లో తెరిచారు. అయితే నగరపు విద్యుత్ రైళ్ళు అంతదూరం రావు. దూర ప్రాంతాల నుంచి వచ్చే డీజిల్ రైళ్ళే అక్కడ ఆగుతాయి. అవి అప్పటికే నిండి ఉంటాయి. ఏడు గంటలకల్లా స్టేషను వద్ద కారు నిలిపే చోటు ఉండదు. ఆరున్నరకు ఇల్లు వదిలిన అమ్మాయి తిరిగి గడప తొక్కేసరికి సాయంత్రం ఆరున్నర. నాలుగేళ్ళ మనుమరాలు పగలంతా శిశుసంరక్షణ కేంద్రంలో. వానాకాలం చలిగాలిలో తల్లీబిడ్డలు ఇల్లు చేరే దృశ్యం చూసిన తరువాత ప్రథమ స్థానం, ద్వితీయ స్థానం అన్న మాటలపై మాకు ఆసక్తి తగ్గింది.

ఇంజనీరు చూపుకు అక్కడ మరొకటి కనిపించింది. మెల్‌బోర్న్ పశ్చిమ భాగం అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన మైదానం. దానిపై నేల అచ్చంగా మన నల్లరేగడి వంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పునాది పలక సరిగా వేయకపోతే గోడలు పగులుతాయి. తూర్పు కొండల వైపు కురిసే వానలో సగం మాత్రమే ఇటు కురుస్తుంది. ఇటు ఇళ్ళు చవకగా ఉండటానికి దూరంతోపాటు ఇదీ ఒక కారణమని మా ఊహ. కొత్త ఇల్లు చూపించడానికి వచ్చిన యువకుడిని మట్టి పరీక్ష నివేదిక అడిగితే, ఇంతవరకూ తనను ఎవరూ అది అడగలేదని నవ్వాడు. నివేదిక మాత్రం మరునాడే పంపాడు.

నీటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాలో ఏ నగరాన్నైనా ముందుగా నీటితో కొలవాలన్నది మా అభిప్రాయం. మెల్‌బోర్న్‌కు ప్రధాన ఆధారమైన థామ్సన్ జలాశయం నిల్వ మన లెక్కలో సుమారు 38 టీఎంసీలు. 1997 నుంచి 2009 వరకు సాగిన దీర్ఘ అనావృష్టిలో ఆ నగర జలాశయాలన్నీ కలిపి నాలుగోవంతుకు పడిపోయాయి. మనిషికి రోజుకు 155 లీటర్లకు మించి వాడవద్దని ఇంటింటికీ ప్రచారం చేశారు. అప్పుడే భయపడి వంతాగీ వద్ద సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే పెద్ద కర్మాగారం కట్టారు. 2012లో అది పూర్తయ్యేనాటికి వానలు పుష్కలంగా కురిసి, కొన్నేళ్ళు ఊరికే నిలబడింది. దండగ అని పత్రికలు వ్రాశాయట. అవసరం రాని రక్షణ ఏర్పాటును దండగ అనడం మన వృత్తిలోని వారికి రుచించదు.

సిడ్నీకి ప్రకృతి ఇచ్చిన అందం మరే నగరానికీ ఇవ్వలేదు. సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన నదీలోయే ఆ రేవు. 1932 నాటి ఉక్కు వంతెన 503 మీటర్ల విల్లులా దానిపై నిలిచి ఉంటుంది. 2024 ఆగస్టు నుంచి అదే రేవు అడుగున సొరంగంలో డ్రైవరు లేని మెట్రో నడుస్తున్నది. ఎదుటి అద్దంలోంచి పట్టాలు చూస్తూ ప్రయాణించడం మాకు కలిగిన పెద్ద వేడుక. హెలెన్స్‌బర్గ్ కొండలలోని వేంకటేశ్వరస్వామి ఆలయంలో పులిహోర ప్రసాదం తిని, ఇక్కడే ఉండిపోదామా అని ఒక క్షణం అనుకున్నమాట కూడా నిజం.

కాని ఆ అందమే ఇంటి ధరగా మారింది. తూర్పున మహాసముద్రం, పడమట బ్లూ మౌంటెన్స్. నగరానికి పెరిగే చోటు పడమటి మైదానమే. సముద్రపు గాలి అంతదూరం రాదు. 2020 జనవరి 4న అక్కడి పెన్రిత్‌లో 48.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. రెంటచింతల ఎండలు చూసినవారికి ఆ అంకె అర్థమవుతుంది. మధ్యతరగతికి అందే ఇళ్ళు చాలావరకు అటువైపే. చిత్రాలలో చూసే సిడ్నీ వేరు, జీతంతో కొనగలిగే సిడ్నీ వేరు.

అక్కడి నుంచి రోడ్డు మార్గాన తిరిగి వస్తూ కాన్‌బెర్రా చూశాము. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల రాజధాని తగవు తీర్చడానికి మధ్యలో కట్టిన నగరం. షికాగోకు చెందిన గ్రిఫిన్ దంపతుల ప్రణాళికకు 1912లో పోటీలో బహుమతి లభించింది. ప్రభుత్వోద్యోగులకు అనువైన ఊరు. మన టౌన్‌షిప్పు వంటిదే, కాస్త పెద్దది. సాయంత్రం ఆరు దాటితే వీధిలో మనిషి కనపడడు.

బ్రిస్బేన్ మాకు ఎంతో నచ్చింది. శీతాకాలం కూడా మన డిసెంబరులా హాయిగా ఉంటుందట. మామిడి, పనస చెట్లు పెరళ్ళలో కనిపిస్తాయి. బస్సు, రైలు, నదిలో పడవ ఏది ఎక్కినా 50 సెంట్లే. 2024లో ప్రయోగంగా మొదలుపెట్టి తరువాత శాశ్వతం చేశారు. పాతకాలపు ఇళ్ళను కర్ర స్తంభాలపై ఎత్తుగా నిలిపి, చుట్టూ వరండా వేశారు. అది గాలి కోసమే అనుకున్నాము. నది ఒడ్డున గోడలపై వరదమట్టాల గుర్తులు చూశాక రెండో ప్రయోజనం అవగతమైంది. 1974, 2011, 2022 సంవత్సరాలలో బ్రిస్బేన్ నది నగరంలోకి వచ్చింది. 1974 వరద తరువాత కట్టిన వివెన్‌హో డ్యామ్ మంచినీటి నిల్వకూ, వరద నియంత్రణకూ రెండింటికీ ఉద్దేశించినది. ఒక పనికి డ్యామ్ నిండి ఉండాలి, మరొక పనికి ఖాళీగా ఉండాలి. 2011లో గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తవలసింది అన్నదానిపై వ్యాజ్యం సంవత్సరాల తరబడి నడిచింది. గేట్ల వద్ద రాత్రులు గడిపిన మన పాఠకులకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. అక్కడ ఇల్లు కొనేవారికి నగరపాలక సంస్థ ప్రతి స్థలానికీ వరద నివేదికను ఉచితంగా ఇస్తుంది. అది చూడకుండా ఎవరూ బయానా ఇవ్వరాదు. ధరలు కూడా 2020 తరువాత పరుగెత్తి మెల్‌బోర్న్‌ను మించిపోయాయి.

పెర్త్ ఒంటరి నగరం. సమీపంలోని పెద్ద నగరం అడిలైడ్ అంటే, అదీ విమానమార్గాన రెండువేల కిలోమీటర్ల పైమాటే. మనకు మాత్రం అదే దగ్గర. మన గడియారానికి రెండున్నర గంటలే తేడా. మధ్యాహ్నం తరువాత సముద్రం మీది నుంచి వీచే చల్లగాలిని అక్కడివారు "ఫ్రీమాంటిల్ డాక్టర్" అంటారు. ఎండకు డస్సిన ఊరికి అదే వైద్యుడు. 1970ల మధ్య నుంచి వానలు తగ్గి జలాశయాలలోకి నీరు రావడం క్షీణించగా, పెర్త్ ఇతర నగరాలకంటే ముందుగా మేల్కొన్నది. 2006లో క్వినానా వద్ద, 2011లో బినింగప్ వద్ద సముద్రజల శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. 2017 నుంచి మురుగునీటిని మంచినీటి స్థాయికి శుద్ధి చేసి భూగర్భంలోకి దింపుతున్నారు. ఆనకట్టపై ఆధారపడని మహానగరం ఎలా ఉంటుందో చూడాలంటే పెర్త్ వెళ్ళాలి. జీతాలు కూడా బాగున్నాయి. కాని అల్లుడుగారికి వచ్చిన ఉద్యోగం ఉత్తరాన ఇనుప గనుల వద్ద. రెండు వారాలు విమానంలో వెళ్ళి పనిచేయాలి, ఒక వారం ఇంట్లో ఉండాలి. మాలోని ఇల్లాలు ఆ పద్ధతి విన్న వెంటనే "డబ్బు సరే, పిల్లకు జ్వరం వస్తే ఎవరు?" అన్నారు. ఇంజనీరు వద్ద జవాబు లేదు.

చివరగా అడిలైడ్. కల్నల్ విలియం లైట్ 1837లో నగరం గీసి, చుట్టూ పచ్చిక బయళ్ళను వడ్డాణంలా వదిలాడు. నేటికీ వాటిని చాలావరకు కాపాడుకున్నారు. ఈశాన్య శివారు నుంచి నగరానికి ఓ-బాన్ అనే మార్గం 1986 నుంచి ఉన్నది. సిమెంటు పట్టాలపై మామూలు బస్సే, పక్కన అమర్చిన చిన్న చక్రాల ఆధారంతో రైలులా దూసుకుపోతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పనక్కరలేదు. 12 కిలోమీటర్ల ఆ మార్గంలో మేము నాలుగుసార్లు తిరిగాము, అవసరం ఒక్కసారే అయినా. తార్నీట్‌లో గంటన్నర పట్టే పని ఇక్కడ అరగంట.

లోపాలు లేకపోలేదు. నీటికి ముర్రే నదిపై ఆధారపడాలి. అనావృష్టి సంవత్సరాలలో ఆ ఆధారం మరీ పెరుగుతుంది. అందుకే వీరూ సముద్రజల కర్మాగారం కట్టుకున్నారు. 2019 జనవరి 24న 46.6 డిగ్రీల ఎండ కాసింది. 2017లో హోల్డెన్ కార్ల కర్మాగారం మూతపడి వేలమందికి జీవనాధారం పోయింది. ఉద్యోగం పోతే అదే ఊళ్ళో మరొకటి దొరకడం మెల్‌బోర్న్‌లో ఉన్నంత సులభం కాదు. విద్యుత్ మాటకు వస్తే, 2016 సెప్టెంబరు 28న తుపాను గాలులకు టవర్లు కూలి రాష్ట్రమంతా చీకటైంది. మరుసటి సంవత్సరమే హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. 2021లో గ్రిడ్‌ను నిలకడగా ఉంచడానికి నాలుగు సింక్రనస్ కండెన్సర్లు అమర్చారు. ఇప్పుడు రాష్ట్ర విద్యుత్తులో సగానికి చాలా పైబడి గాలి, ఎండల నుంచే వస్తున్నది. దెబ్బ తిని నేర్చుకున్న గ్రిడ్ అది. అల్లుడుగారి వృత్తికి అంతకంటే మంచి పాఠశాల లేదని చెప్పాము.

అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం మాకు తోచనిది. తార్నీట్‌లో ప్రసవ సమయాన వంట చేసి పంపినవారు, పిల్లకు బాగాలేనప్పుడు సెలవు పెట్టి కూర్చున్నవారు ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాలే. "మీరు నీళ్ళు, రైళ్ళు చూశారు. నాకు అక్కచెల్లెళ్ళలాంటి వాళ్ళను లెక్కలో వేయలేదు" అన్నది. ఆ మాటకు రెండురోజులు ఇంట్లో చర్చ నడిచింది. చివరకు ఇల్లు కొనకుండా, ఓ-బాన్ దారిలో మోడ్‌బరీ వద్ద ఒక సంవత్సరం అద్దెకు ఉండి చూడాలని నిర్ణయమైంది. అమ్మాయికి వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు దొరికింది. అక్కడ బడులు జనవరి చివరలో తెరుస్తారు కనుక ఆలోగా సామాను చేరాలి. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కు రోడ్డు మార్గాన సుమారు 730 కిలోమీటర్లు. లారీ మాట్లాడే పని పక్కింటివారే చూస్తున్నారు.