పసుపు వంతెనల ఊళ్ళో బంతి పాఠాలు

అమెరికా వెళ్ళొచ్చానంటే చాలు, "నయాగరా చూశావా, స్వేచ్ఛా విగ్రహం చూశావా?" అని అడుగుతారు అందరూ. 2024 వేసవిలో నేను మూడు నెలలున్న ఊరు పిట్స్‌బర్గ్. మా చెల్లెలి కాపురం అక్కడే. ఆ ఊళ్ళో నయాగరా లేదు గానీ, రెండు నదుల సంగమం ఉంది. అలెఘెనీ, మొనొంగహీలా అనే నదులు ఊరి నడిబొడ్డున కలిసి ఒహాయో నది అవుతాయి. చుట్టూ కొండలు, ఎటు చూసినా వంతెనలు. వాటిలో చాలావాటికి పసుపు రంగే! అలెఘెనీ నది మీద ఒకే పోలికతో వరసగా ఉన్న మూడింటిని అక్కచెల్లెళ్ళ వంతెనలంటారు. ఒకప్పుడు ఇది ఉక్కు మిల్లుల ఊరు. 1980లలో చాలా మిల్లులు మూతపడ్డాయి. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులకీ, యూనివర్శిటీలకీ పేరు.

మనవాళ్ళకు పిట్స్‌బర్గ్ అనగానే గుర్తొచ్చేది పెన్‌హిల్స్‌లో కొండమీది వెంకటేశ్వరస్వామి గుడి. 1970లలో కట్టిన ఆ గుడి గురించి చాలామంది రాశారు. నేను మాత్రం ఆ ఊళ్ళో అయిదున్నరేళ్ళ మా చెల్లెలి కొడుకు బంతి పట్టడం ఎలా నేర్చుకున్నాడో చెబుతాను. పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి అది.

వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటినా వెలుతురుంటుంది. భోజనాలయ్యాక ఏ వీధిలో చూసినా ఇంటిముందు పచ్చికలో ఒక తండ్రీ ఒక బిడ్డా ఎదురెదురుగా నిలబడి బంతి విసురుకుంటూ కనిపిస్తారు. గెలుపూ ఓటమీ లేవు. విసరడం, పట్టడం, మధ్యలో నాలుగు కబుర్లు. బేస్‌బాల్ అంటే వాళ్ళకి మనకి క్రికెట్ ఎలాగో అలాగ. క్రికెట్‌లో వికెట్ కీపర్‌కి మాత్రమే గ్లౌజులుంటాయి కదా, ఇందులో ఫీల్డింగ్ చేసే ప్రతివాళ్ళకీ ఒక చేతికి తోలు గ్లౌజు ఉంటుంది. బంతి తెల్లగా, ఎర్రదారం కుట్లతో చూడముచ్చటగా ఉంటుంది. లోపల బెండూ, రబ్బరూ, దాని చుట్టూ బిగించి చుట్టిన ఉన్ని దారం, పైన తోలు. నూట నలభై గ్రాముల పైచిలుకే గానీ తగిలితే రాయే!

ఆ రాయే మావాడికి తగిలింది. నేను వెళ్ళడానికి వారం ముందు మా మరిదిగారు సరదాపడి అసలు బంతితోనే విసిరి పట్టమన్నారట. అది గ్లౌజు పక్కనుంచి వచ్చి పెదవికి తగిలి రక్తం కారింది. అంతే, గ్లౌజు సోఫా కిందికి పోయింది. శనివారం వచ్చిందంటే వాడికి కడుపునొప్పి. శనివారం పొద్దున పార్కులో పిల్లల జట్టుకి ప్రాక్టీసు మరి! చిన్నపిల్లల ఆటలో బంతిని ఎవరూ విసరరు, నడుమెత్తు గొట్టం మీద పెడితే బ్యాటుతో కొడతారు. కానీ మిగతావాళ్ళు దాన్ని పట్టాలిగా. బంతి తనవైపు వస్తే చాలు, వీడు మొహం తిప్పేసుకుని భుజాలు ముడుచుకునేవాడు. పక్క పిల్లలు నవ్వేవాళ్ళు. మరిదిగారికి చిన్నతనం వేసి గట్టిగా కసిరేవారు. వాడు ఏడుపు. ఇంటికొచ్చాక మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు.

"ఇక్కడి పిల్లల్లో వీడు కలవాలి వదినా. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో అందరూ ఈ ఆట గురించే మాట్లాడుకుంటుంటే నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. వీడికి ఆ బాధ ఉండకూడదు" అన్నారాయన ఓ రాత్రి. ఆయన కోపం వెనక ఉన్నది ఇదా అనిపించింది.

దారి చూపించింది పక్కింటి తాతగారు. డెబ్బై దాటిన మనిషి, ఉక్కుమిల్లులో పనిచేసి, ఆనక బస్సు నడిపి రిటైరయ్యారు. ఓరోజు కంచె దగ్గరికొచ్చి నాకర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. "పిల్లాడికి బంతి పట్టడం రాకపోవడం కాదమ్మా, భయం. భయం ఉన్నన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు మూసుకుంటే ఎవరికైనా తగులుతుంది. ముందు తగిలినా నొప్పి పుట్టనిది విసరండి."

నొప్పి పుట్టనిదంటే నాకు తెలియనిదా! మనం చిన్నప్పుడు అచ్చనగాయలు ఆడలేదూ? పాత జాకెట్టు గుడ్డతో అరచేతంత సంచి కుట్టి, ముప్పాతిక వంతు పెసలు పోసి మూతి కుట్టేశాను. అది ఎగిరిపోదు, దొర్లిపోదు, చేతిలో పడితే అక్కడే కూర్చుంటుంది. గ్లౌజు లేకుండా, నాలుగడుగుల దూరంలో నిలబడి, చెయ్యి కిందినుంచి మెల్లగా వేసేదాన్ని. వాడు రెండుచేతులా పట్టాలి. పది పట్టాక నేను ఒక్క అడుగు వెనక్కి. రోజుకి పదే నిమిషాలు. వాడు "ఇంకా ఆడదాం పెద్దమ్మా" అంటుండగానే ఆపేసేదాన్ని. రేపటికి ఆశ మిగలాలని తాతగారే చెప్పారు.

వారం తర్వాత స్పాంజి బంతి. దానిమీద రంగు రంగుల చుక్కలు పెట్టి, "ఏ రంగు కనిపించింది?" అని అడిగేవారు తాతగారు. రంగు చెప్పాలంటే కళ్ళు తెరిచి చూడాలిగా! ఆ తర్వాత నేలమీద దొర్లించడం. రెండు చేతులూ మొసలి నోరులా తెరిచి, బంతి లోపలికి రాగానే పైచేత్తో మూసెయ్యాలి. మొసలి వేషం వాడికెంత నచ్చిందో, వంటింట్లో నేను దొర్లించిన ఉల్లిపాయలు కూడా అలాగే పట్టేవాడు.

ఇక గ్లౌజు. పెరిగే పిల్లాడు కదాని మరిదిగారు, మనం స్కూలు యూనిఫాం పెద్ద సైజు కుట్టించినట్టు, పన్నెండంగుళాలది కొన్నారు. తాతగారు చూసి నవ్వి, "ఇది నాకు సరిపోతుంది. వాడి వేళ్ళతో వాడు మూయగలిగితేనే గ్లౌజు" అన్నారు. తొమ్మిదిన్నర అంగుళాలది తెచ్చాం. కొత్త తోలు బిరుసుగా ఉంటే, రాత్రిపూట లోపల బంతి పెట్టి రబ్బరు బ్యాండుతో బిగించి ఉంచాం. కొన్నాళ్ళకి మెత్తబడింది.

ఇక్కడో చిక్కొచ్చింది చూడండి. కుడిచేత్తో విసిరేవాళ్ళు గ్లౌజు ఎడమచేతికి వేసుకోవాలి, ఎడమచేత్తోనే పట్టాలి. మావాడు గ్లౌజు కుడిచేతికే తొడుక్కుంటున్నాడు. ఎందుకురా అంటే, "ఎడమచేత్తో ఏదీ తీసుకోకూడదని అమ్మ చెప్పింది కదా!" అన్నాడు. నవ్వాపుకుని, "ప్రసాదానికీ, పెద్దవాళ్ళిచ్చినదానికీ కుడిచెయ్యి. బంతికి ఎడమచెయ్యి. దానికేం దోషం లేదు" అని సర్ది చెప్పాను.

బంతి నడుముకన్నా పైన వస్తే వేళ్ళు పైకి, కింద వస్తే వేళ్ళు కిందికి ఉండాలని తాతగారు ఎన్నిసార్లు చెప్పినా తారుమారయ్యేది. ఆ ఆదివారం గుడికి వెళ్ళాం. స్వామి కుడిచెయ్యి చూపించి, "అదిగో, కింది బంతికి చెయ్యి అలా ఉండాలి" అని వాడి చెవిలో అన్నాను. అభయమిచ్చే చెయ్యేమో పై బంతికి. వాడు లైన్లో అందరికీ వినబడేలా, "స్వామి కింది బంతి పడుతున్నాడు!" అని అరిచాడు. పూజారిగారితో సహా అందరూ ఒకటే నవ్వు. మళ్ళీ వాడు తారుమారు చేస్తే ఒట్టు.

జూలైలో అందరం పిఎన్‌సి పార్కులో మ్యాచ్‌కి వెళ్ళాం. 2001లో తెరిచిన ఆ స్టేడియం నది ఒడ్డునే ఉంది. మ్యాచ్ రోజు రాబర్టో క్లెమెంటే పేరు పెట్టిన పసుపు వంతెన మీద కార్లు ఆపేస్తారు. జనమంతా తిరణాలకి వెళ్ళినట్టు నడిచి వెళ్తారు. వంతెన దాటగానే ఆయన విగ్రహం. ప్యూర్టోరికో నుంచి వచ్చి 1955 నుంచి 1972 దాకా ఈ ఊరి జట్టుకే ఆడాడు. బంతి పట్టడంలో అంతటివాడు లేడంటారు. 1972 డిసెంబర్ 31న, భూకంపంలో నష్టపోయిన నికరాగ్వా ప్రజలకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. ఆయన నంబరు 21కి గుర్తుగా స్టేడియంలో కుడివైపు గోడ 21 అడుగుల ఎత్తు కట్టారు. చిన్నప్పుడు ఆయన ఆట చూసిన తాతగారు, ఎత్తునుంచి పడే బంతిని ఆయన నడుము దగ్గర ఎలా అందుకునేవాడో చేసి చూపించారు. అచ్చం కొంగు పట్టినట్టే!

మధ్యలో పియరోగీల వేషాలేసుకున్న మనుషులు పరుగుపందెం పెట్టుకున్నారు. పియరోగీ అంటే లోపల బంగాళాదుంప, చీజు కూరి ఉడికించే మన కజ్జికాయలాంటిది. పోలండ్, ఉక్రెయిన్ల వైపునుంచి ఈ మిల్లులకి పనికొచ్చిన కుటుంబాలు తెచ్చిన వంట. జనంలోకి వచ్చిన బంతి ఎవరు పడితే వాళ్ళదే అని తెలిసి మావాడు ఆట అయ్యేదాకా గ్లౌజు తియ్యలేదు. బంతి రాలేదనుకోండి!

ఆగస్టు మొదటి వారం మళ్ళీ పార్కుకి వెళ్ళాడు, కడుపునొప్పి లేకుండా. జట్టులో ముగ్గురు ఆడపిల్లలున్నారు. పిల్లల బేస్‌బాల్‌కి పేరుపడ్డ లిటిల్ లీగ్ 1939లో ఇదే పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైంది. అందులో ఆడపిల్లల్ని చేర్చుకున్నది మాత్రం 1974లోనే. ఆరోజు రెండు జడల పిల్ల కొట్టిన బంతి గడ్డిలో దొర్లుకుంటూ మావాడి వైపే వచ్చింది. మొహం తిప్పలేదు, వంగి మొసలి నోరు తెరిచాడు, పట్టేశాడు. తర్వాతది జారిపోయింది. ఏడవలేదు, పరిగెత్తి తెచ్చుకున్నాడు. మరిదిగారు కసరలేదు, చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం పెసల సంచి తనే తీసుకుని, "నాలుగడుగులే కదా వదినా?" అంటూ కొడుకుని పెరట్లోకి తీసుకెళ్ళారు. మా చెల్లెలు వంటింటి కిటికీలోంచి చూస్తూ పాలు పొంగించేసింది!

క్రికెట్ బంతైనా, సైకిలైనా, ఎక్కాలైనా పిల్లలకి నేర్పే పద్ధతి ఒకటేననిపిస్తుంది. వాడి చేతికి సరిపడేదిచ్చి, దగ్గరగా నిలబడి, భయం పోయాక ఒక్కొక్క అడుగు వెనక్కి జరగాలి. ఈ వేసవి సెలవుల్లో మీ ఇంట్లోనూ గుప్పెడు పెసలతో ఓ సంచి కుట్టి చూడండి. ఆడపిల్ల చేతికీ ఇవ్వడం మర్చిపోకండేం!