మాచు పిచ్చుకి నాలుగు టికెట్లు

పెరూ వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "మాచు పిచ్చు ఎలా ఉంది?" చూడలేదంటే, ఆగ్రా దాకా వెళ్లి తాజ్‌మహల్ చూడకుండా వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తారు. టికెట్ కొనలేదా అంటే, కొన్నాను. తేదీ, టైమ్, పాస్‌పోర్ట్ నంబరు అన్నీ అచ్చేసి నా పేరు మీదే ఉంది. మా టీమ్ లీడ్ అయితే, "ఇన్ని రోజులు సెలవు పెట్టి అదెలా మిస్సయ్యావ్ బాబూ!" అని నాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. స్టాండప్ మీటింగ్‌లో ఆయనకి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

అంతా పప్పు దగ్గర మొదలైంది.

ఆండీస్‌లో జూన్ అంటే చలికాలం. వానలుండవు, ట్రెక్కింగ్‌కి అదే సీజన్. నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా ఉంది కాబట్టి పెరూకి విడిగా వీసా అక్కర్లేకపోయింది. నారాయణగూడ ఐపీఎంలో ఎల్లో ఫీవర్ టీకా మాత్రం వేయించుకున్నా. (వెళ్లాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే క్వారంటైన్‌కి పంపొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి.)

లిమా నుంచి విమానమెక్కితే గంటన్నర లోపే కుస్కో. ఎత్తు సుమారు 3,400 మీటర్లు. హాస్టల్ మెట్లెక్కితే చాలు, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. రెండో రోజుకే నోరు చచ్చిపోయి, శాన్ పెడ్రో మార్కెట్లో పప్పులాంటిదేదో కొనుక్కొచ్చి వంటింట్లో పొయ్యి మీద పెట్టా. గంటయింది, రాళ్లు. ఇంకో అరగంట, అవే రాళ్లు. పక్క స్టవ్ దగ్గరున్న బ్రెజిల్ ఆవిడ నా గిన్నెలోకి తొంగి చూసి నవ్వింది. "ఇక్కడ నీళ్లు 88, 89 డిగ్రీలకే మరిగిపోతాయి. రాత్రంతా పెట్టినా అంతే" అని తన ప్రెషర్ కుక్కర్ నా వైపు తోసింది. వాళ్లకి చిక్కుడు గింజల కూర లేనిదే ముద్ద దిగదట. ఆ కుక్కర్ మనదానిలా ఆగి ఆగి విజిల్ వేయదు, ఒకటే బుస్సుమంటూ ఉంటుంది.

ఆవిడ నర్సు, వయసు 34. నాకన్నా పెద్దది కదా అని "అక్కా" అన్నాను. "అది నా పేరా, కుక్కర్ పేరా?" అని అడిగింది.

వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు వేసేసరికి ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకడు కొరియా కుర్రాడు, 23 ఏళ్లు, మిలిటరీ సర్వీసు అప్పుడే ముగించుకుని వచ్చాడు. రెండో ఆయన అర్జెంటీనాలో సాల్తా నుంచి వచ్చిన జాగ్రఫీ మాస్టారు, 58 ఏళ్లు. "30 ఏళ్లుగా బోర్డు మీద చాక్‌పీసుతో ఈ కొండలు గీస్తున్నా, ఒక్కసారైనా నడిచి చూద్దామని" అన్నాడు. ఆయన స్పానిష్, అక్క పోర్చుగీసు ఒకళ్లకొకళ్లకి సగం సగం అర్థమయ్యేవి. నాకూ తమ్ముడికీ ఇంగ్లిష్. మిగతాదంతా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్, చేతులు.

ఇన్కా ట్రెయిల్‌కి రోజుకి 500 పర్మిట్లే. గైడ్లు, కూలీలూ అందులోనే లెక్క. నెలల ముందే అయిపోతాయి. పర్మిట్ గొడవ లేనిది సల్కంతాయ్ దారి. నాలుగు రోజులు నడిచి, ఐదో రోజు మాచు పిచ్చు. నలుగురం కలిసే వెళ్దామనుకున్నాం. ఐదో రోజు తేదీకి నాలుగు టికెట్లు కొన్నాం, తర్వాత మార్చుకోవడానికి లేదు. ఒంటికి ఎత్తు అలవాటవ్వాలని కుస్కోలోనే ఇంకో నాలుగు రోజులుండి, టెంట్లు అద్దెకి తీసుకుని బయల్దేరాం.

మొయెపాతా అనే ఊరిదాకా వ్యాన్. అక్కణ్నుంచి నడక. మొదటి రోజు సొరాయ్‌పంపా చేరాం, 3,900 మీటర్లు. తమ్ముడు అందరికన్నా ముందుండేవాడు. టెంట్లు రెండూ వాడే మోశాడు. మాస్టారు అందరికన్నా వెనక, పది అడుగులకోసారి ఆగి ఏదో ఒక రాయి చూపించి పాఠం చెప్పేవాడు. ఆయన కోసం మేం ఆగడం, ఆయనేమో మా కోసమే ఆగానన్నట్టు నటించడం. రెండో రోజు పొద్దుగూకే వేళకి పాస్‌కి కాస్త కింద, సల్కంతాయ్‌పంపా మైదానంలో టెంట్లేశాం. ఎదురుగా సల్కంతాయ్, 6,271 మీటర్లు, ఒళ్లంతా మంచు. తెల్లారితే 4,600 మీటర్ల పైనున్న పాస్ దాటాలి. అదొక్కటి దాటితే మిగతాదంతా దిగుడే.

రాత్రి తమ్ముడు అన్నం ముట్టలేదు. తలనొప్పి అన్నాడు. అది అక్కడ అందరికీ ఉండేదే, వాళ్ల భాషలో సొరోచే అంటారు, కోకా ఆకుల టీ తాగిస్తారు. పదిన్నరకి వాంతులు మొదలయ్యాయి. అక్క వాణ్ని టెంట్ బయటికి తెచ్చి, మడమకి బొటనవేలు ఆనించి సరళరేఖలో నడవమంది. మూడో అడుగుకే పక్కకి ఒరిగిపోయాడు. పొద్దున రెండు టెంట్లు మోసినవాడు. అక్క ముఖం మారిపోయింది.

గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. కానీ పైకెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి పడిపోతుంది. అక్కడ ఒక్కో శ్వాసకి అందేది సముద్ర తీరంలో అందేదాంట్లో సుమారు 60 శాతం. అది ఎవరికి సరిపోతుందో, ఎవరికి సరిపోదో కండలు చూసి చెప్పలేం. మాస్టారు గురక పెట్టి నిద్రపోయాడు, సైనికుడు పడిపోయాడు. నడక తడబడుతోందంటే మెదడు వాస్తోందని అర్థమట. తెల్లారేదాకా ఆగడానికి లేదు. అక్క తన సంచిలోంచి డెక్సామెథసోన్ మాత్ర తీసి మింగించింది. "దీంతో తగ్గదు. దిగడానికి కాస్త టైమ్ దొరుకుతుంది, అంతే" అంది.

దిగాలి. ఎవరెవరు?

అక్క తప్పదు. గుర్రం మీద కూర్చోబెట్టినా వాణ్ని రెండో వైపు నుంచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. మాస్టారు లేచి, ఏమీ మాట్లాడకుండా తన స్లీపింగ్ బ్యాగ్ చుట్టడం మొదలుపెట్టాడు. నేను కాసేపు అలాగే నిలబడ్డాను. "నీకు 28, మళ్లీ రావచ్చు" అని ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను. సెలవుల లెక్కా, ఈఎంఐల లెక్కా తెలిసినవాడెవడూ ఆ మాట తేలిగ్గా అనలేడు. రెండేళ్లు కూడబెట్టి వచ్చాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు. వారం కిందటిదాకా ఈ పిల్లాడు ఎవరో నాకు, నేనెవరో వాడికి.

అప్పటికి వాడు ఇంగ్లిష్ మానేశాడు. కళ్లు మూసుకుని కొరియన్‌లో ఏదో గొణుగుతున్నాడు. అందులో ఒక్క మాట తెలిసింది. "ఒమ్మా." ఇంకోసారి, "ఒమ్మా." కొరియన్‌లో అమ్మని అలాగే పిలుస్తారు. ట్రాన్స్‌లేటర్ అక్కర్లేకపోయింది.

మాస్టారి చేతిలోంచి స్లీపింగ్ బ్యాగ్ తీసుకుని మళ్లీ పరిచాను. "మీరు వెళ్లండి" అన్నాను. అక్క అదే మాట స్పానిష్‌లో, కాస్త గట్టిగా చెప్పింది. ఆయన కూర్చుని రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

పక్కనే మకాం వేసిన గుర్రాలాయన్ని లేపాం. రాత్రిపూట రెట్టింపు రేటు అన్నాడు. న్యాయమే కదా. కోకా ఆకులు మూడు ఏరి, వేళ్ల మధ్య విసనకర్రలా పట్టుకుని, సల్కంతాయ్ వైపు తిరిగి మెల్లగా ఊదాడు. అక్కడ పెద్ద కొండల్ని అపు అంటారు, ఊరిని కాసే దేవుళ్లన్నమాట. తర్వాత జీను బిగించాడు.

ఆ దిగుడు ఎంతసేపు పట్టిందో సరిగ్గా చెప్పలేను. తమ్ముడి నడుముకి తాడు, ఒక పక్క నేను, ఒక పక్క అక్క, ముందు ఆయన. చేతి వేళ్లు కొయ్యబారిపోయాయి. వాడు నిద్రలోకి జారకుండా నోటికొచ్చింది మాట్లాడుతూనే ఉన్నా, అదీ తెలుగులో. దారిలో గుర్రాలాయన ఒకసారి ఆగి పైకి చూపించాడు. మనం చుక్కలు కలిపి బొమ్మలు చూస్తాం, వాళ్లు పాలపుంతలోని నల్లటి ఖాళీల్లో కూడా చూస్తారు. అక్కడ ఒక లామా ఉంది. దాని కళ్లు రెండు చుక్కలు, ఆల్ఫా సెంటారీ, బీటా సెంటారీ. ఆ పరిస్థితిలో కూడా కనబడింది.

"వీడు నీకేమవుతాడు?" అని అడిగాడు స్పానిష్‌లో. "అమీగో" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "వాయ్‌కే" అన్నాడు. క్వెచువాలో మగవాడు తన సోదరుణ్ని అలా అంటాడు. అక్కతో మాత్రం "నువ్వు 'తురాయ్' అనాలి" అన్నాడు. ఆడమనిషి సోదరుణ్ని పిలిచే మాట వేరు. మనకేమో ముందు వయసు తేలాలి, అన్నా తమ్ముడా అని. వాళ్లకి పిలిచేది ఎవరన్నది ముఖ్యం. అర్ధరాత్రి నాలుగు భాషల్లో చుట్టరికాల పంచాయితీ పెట్టుకుని నడిచాం. పనికొచ్చింది. వాడు కూడా మధ్యలో "వాయ్‌కే" అన్నాడు.

సొరాయ్‌పంపా దాకా రోడ్డుంది. అక్కడ ఎవర్నో లేపి కారు మాట్లాడి, మట్టిరోడ్డు మీద మొయెపాతా చేరాం, 2,900 మీటర్ల దగ్గర. ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లారాక తమ్ముడు కళ్లు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న: "టెంట్లు ఎవరు మోస్తున్నారు?" అక్క అప్పుడు ఏడ్చింది. రాత్రంతా ఏడవలేదు.

ఇంకాస్త కిందికి తీసుకెళ్లమన్నారు. లిమతాంబోలో ఒక ఇంట్లో గదులు దొరికాయి. నాలుగు రోజులు అక్కడే. చేసిందేమీ లేదు. తినడం, పడుకోవడం. మూడో రోజు తమ్ముడు నడవగలిగాక, తారావాసి అనే ఇన్కా కట్టడం దాకా వెళ్లాం. పలక పలకకీ మూలలు మార్చి చెక్కిన రాళ్లు, సున్నం లేదు మట్టి లేదు, ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే నిలబడ్డాయి. కొన్నిచోట్ల పువ్వు రేకల్లా పేర్చారు. మనిషి నిలబడేంత గూళ్లు. మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. తమ్ముడు ఒక గూట్లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆ ఫొటోనే ఇప్పుడు మా గ్రూప్ డీపీ.

ఐదో రోజు సాయంత్రం మాస్టారు ఫోన్. మర్నాడు వచ్చేశాడు, ముక్కు మీద తోలు ఊడిపోయి, కుంటుకుంటూ. మాచు పిచ్చు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మేం గుచ్చి గుచ్చి అడిగితే, "రాళ్లు. మంచి రాళ్లు" అన్నాడు. తర్వాత సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. నాలుగు టికెట్ల ప్రింట్లు ఆయన దగ్గరే ఉండిపోయాయి. అక్కడ పాస్‌పోర్ట్ మీద గుర్తుగా ముద్ర వేసుకునే చోటుంటుంది. వాడని మా మూడు టికెట్ల మీదా ఆ ముద్ర వేయించుకొచ్చాడు. నాది ఆఫీసులో చూపిస్తే సగంమంది నేను వెళ్లొచ్చాననే అనుకుంటారు. ఆ సౌకర్యం ఇంకా వాడుకోలేదు.

ఆ రాత్రి ఇంటావిడ నాలుగు రకాల బంగాళదుంపలు ఉడకబెట్టింది. పసుపువి, ఎర్రవి, ఊదావి, ఇంకొకటి లోపల చక్రాలున్నది. నంజుకోవడానికి నా సంచి అడుగున అమ్మ పెట్టిన పొడి పొట్లం తీశా. మాది అనంతపురం, పల్లీల్ని బుడ్డలంటాం. బుడ్డల పొడి లేకుండా అమ్మ నన్ను బెంగళూరుకి కూడా పంపదు. ఇంటావిడ నాలుక మీద వేసుకుని "మనీ!" అంది. స్పానిష్‌లో పల్లీ అన్నమాట. మాస్టారికి మళ్లీ పాఠం దొరికింది. పల్లీ పుట్టింది బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా వాయవ్యాన, ఆ కొండల కిందట. "అంటే మా పక్కూరి పంట. మీకు అరువిచ్చాం" అన్నాడు. మా తాత వింటే ఒప్పుకునేవాడు కాదు. బుడ్డలంటే అనంతపురమే ఆయనకి.

తమ్ముడు కుస్కో నుంచి విమానంలో లిమా, అక్కణ్నుంచి ఇంటికి. మాస్టారు బస్సులో దక్షిణానికి. అక్కా నేనూ ఇంకో వారం తిరిగాం. తితికాకా సరస్సు ఇరుకయ్యే తికీనా దగ్గర ప్రయాణికులందరినీ దింపేసి పడవల్లో దాటిస్తారు, బస్సు మాత్రం చెక్క బల్లకట్టు మీద ఊగుతూ వస్తుంది. దాన్ని చూసి ఇద్దరం పడీ పడీ నవ్వాం. లా పాజ్‌లో సోపా దె మనీ తాగాం, పల్లీల సూప్. కాస్త కారం తగిలిస్తే మన పులుసుకి దగ్గరే. బస్టాండులో వీడ్కోలప్పుడు అక్క నన్ను "తురాయ్" అంది. నేను "పనాయ్" అన్నాను, అంటే మగవాడు సోదరిని పిలిచే మాట. రెండుసార్లు సరిచేయించుకుని మరీ.

తమ్ముడు డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాడు, అనంతపురం కూడా. ఆ రాత్రి గురించి వాళ్లమ్మకి వాడేం చెప్పాడో తెలీదు గానీ, ఆవిడ మా అమ్మకని ఏదో డబ్బా ప్యాక్ చేస్తోందట. అమ్మకి చెప్తే ఒక్కటే అడిగింది: "ఆ పిల్లోడు కారం తింటాడా నాయనా?"

కనుక్కుని చెప్తానన్నాను.