ఏ నేలకు ఏ కాయిల్

మా కొట్టుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది లోతు గురించే. ఈ మెటల్ డిటెక్టర్ ఎన్ని అడుగుల కింద ఉన్నదాన్ని పట్టుకుంటుంది? నేను దానికి జవాబు చెప్పే ముందు, ఎక్కడికి వెళ్తున్నారని అడుగుతాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో బెండిగో, డనోలీ, వెడ్డర్‌బర్న్ చుట్టుపక్కల నేలంతా 1850లలో జనం బంగారం కోసం తవ్విపోసిందే. అప్పుడు మిగిలిపోయినదాని కోసం శనాదివారాలు వస్తే మెల్‌బోర్న్ నుంచి ఇప్పటికీ డిటెక్టర్లు పట్టుకుని వస్తారు. ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి పత్రం తీసుకుంటే, అనుమతించిన చోట్ల చేతి పనిముట్లతో వెతుక్కోవచ్చు. దొరికింది వాళ్లదే. వాళ్లకు డిటెక్టర్లు, కాయిళ్లు అమ్మడం, వాడటం నేర్పడం నా పని.

ఈమధ్య మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు. పోయిన చలికాలం గుంటూరు వైపు అన్నదమ్ములిద్దరు వచ్చారు. చిన్నవాడు గోడకు తగిలించిన 18 అంగుళాల కాయిల్ చూపించి, “అన్నా, ఖర్చు సంగతి వదిలెయ్. అన్నిటికంటే పెద్దది ఇచ్చెయ్” అన్నాడు. వెళ్లేది ఎక్కడికని అడిగితే డనోలీ దగ్గర పాత గుడారాల జాగా అని చెప్పాడు. అక్కడికి ఆ కాయిల్ వద్దన్నాను. ఎందుకో చెప్పడానికి అరగంట పట్టింది.

కాయిల్ అంటే ప్లాస్టిక్ పళ్లెంలో చుట్టి పెట్టిన రాగి తీగ. ఇక్కడ ఎక్కువగా వాడే పల్స్ రకం డిటెక్టర్ ఆ తీగలోకి కరెంటు పంపి ఠక్కున ఆపేస్తుంది, మళ్లీ పంపుతుంది. ఆపిన ప్రతిసారీ మట్టిలో ఉన్న లోహంలో సన్నటి సుడి కరెంట్లు పుడతాయి. అవి ఆరిపోయేలోగా డిటెక్టర్ వాటిని వినాలి. బియ్యపుగింజంత బంగారంలో అవి మైక్రోసెకన్లలోనే ఆరిపోతాయి.

చిన్న కాయిల్ తన కింద కొద్ది మేరలోనే అయస్కాంత క్షేత్రాన్ని చిక్కగా నింపుతుంది. పెద్దదైతే అదే కరెంటుకు క్షేత్రం పలచబడి మరికొంత దూరం పోతుంది. అయితే కాయిల్ సైజును మించిన లోతుకు వెళ్లాక ఆ క్షేత్రం చాలా త్వరగా తగ్గిపోతుంది. లోహం నుంచి పైకి వచ్చే జవాబూ అలాగే తగ్గుతుంది. రానూపోనూ రెండు నష్టాలూ కలిస్తే, లోతు రెట్టింపైనప్పుడు సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. కాబట్టి 9 అంగుళాల కాయిల్ తీసేసి 18 అంగుళాలది బిగిస్తే లోతు రెట్టింపు కాదు. పెద్ద ముక్కలకైతే కొంత లోతు కలిసొస్తుంది. అర గ్రాము ముక్క వేలెడు లోతున ఉన్నా సరే, పెద్ద కాయిల్ దాన్ని దాటుకుని పోవచ్చు. ఆ మాట చెప్పకుండా పెద్ద కాయిల్ అమ్మడానికి నాకు మనసొప్పదు.

పెద్ద బంగారమంతా లోతులోనే ఉంటుందన్నది కూడా భ్రమే. 1869లో మొలియాగల్ దగ్గర దొరికిన ‘వెల్కమ్ స్ట్రేంజర్’ అనే భారీ బంగారు ముద్ద మట్టికి రెండంగుళాల కింద కూడా లేదు. కెవిన్ హిలియర్ 1980లో కింగోవర్‌లో పట్టుకున్న ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ 27 కిలోల పైచిలుకు ముక్క, అదీ డిటెక్టర్‌తోనే. అంత ముక్క కింద ఉంటే ఏ కాయిలైనా అరుస్తుంది. నేను కాయిల్ ఎంచి ఇచ్చేది మామూలు మనిషికి మామూలు రోజున దొరికే గ్రాము, రెండు గ్రాముల కోసం.

ఇక నేల సంగతి. ఇక్కడి ఎర్రమట్టిలో ఇనుము దండిగా ఉంటుంది. ఇనుపరాళ్లు కొన్ని అచ్చం లోహంలాగే పలుకుతాయి. కాయిల్ పెద్దదైన కొద్దీ దాని కిందకు వచ్చే మట్టి పెరుగుతుంది, మట్టి రొదా పెరుగుతుంది. హెడ్‌ఫోన్‌లో సన్నగా ఒక జుమ్మనే శబ్దం నిలకడగా వస్తుంటుంది. బంగారం చాలాసార్లు గట్టిగా మోగదు. ఆ జుమ్మనే శబ్దం కాస్త పైకి లేచి దిగుతుంది, అంతే. రొద మధ్య అది చెవికి అందదు. రొద మరీ ఎక్కువున్న చోట ఒకే చుట్ట ఉన్న మోనో కాయిల్ బదులు రెండు చుట్టలుండే డీడీ కాయిల్ ఇస్తాను. కొంత లోతు తగ్గినా చెవికి ప్రశాంతంగా ఉంటుంది.

పాత గుడారాల జాగాల్లో మట్టి నిండా మేకులు, రేకు ముక్కలు, తుపాకీ సీసపు గుళ్లు. 18 అంగుళాల కాయిల్ కిందకు ఒకేసారి నాలుగైదు చేరి సంకేతాలన్నీ కలగలిసిపోతాయి. మేకు పక్కనున్న బంగారం మేకు మోతలోనే మునిగిపోతుంది. అక్కడ 8 అంగుళాలదే నయం. పొదల మధ్యకైతే కోలగా ఉన్న కాయిల్ బాగా దూరుతుంది. పెద్దదానికి చోటు వేరే ఉంది: చెత్త లేని, మట్టి మందంగా పేరుకున్న వాగు ఒడ్డులు, ఇదివరకు చిన్న కాయిళ్లతో గాలించేసిన జాగాలు. అది బరువు కూడా. భుజానికి పట్టీ లేకుండా పూట గడవదు. చెయ్యి నొప్పెడితే మనిషి కాయిల్‌ను పైకెత్తేస్తాడు. రెండంగుళాలు పైకి లేస్తే, పెద్ద కాయిల్ ఇచ్చిన లోతు ఆ గాలిలోనే పోతుంది.

ఊరి నుంచి కూడా ఫోన్లు వస్తాయి. పాడుబడ్డ గుడి దగ్గర గుప్తనిధి ఉందట, దానికి ఏ కాయిల్ సరిపోతుందని అడుగుతారు. వాళ్లకు ఏమీ అమ్మను. మనదేశంలో 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాల్సిందే. నిధి పేరుతో గుళ్ల పునాదులు తవ్వేవాళ్లను తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ అన్నదమ్ములకు 8 అంగుళాలది అమ్మి, 18 అంగుళాలది ఒక్కరోజు వాడి చూడమని ఊరికే ఇచ్చాను. సంచిలో సీసపు గుళ్లు కొన్ని వేసి, పని మొదలెట్టే ముందు అక్కడి మట్టిలోనే వేర్వేరు లోతుల్లో పాతి రెండు కాయిళ్లూ తిప్పి వినమన్నాను. సీసపు గుండు పలికిన తీరు చిన్న బంగారానికి దగ్గరగా ఉంటుంది. నేల మారిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చెయ్యమని అందరికీ చెబుతాను. సోమవారం పెద్దవాడు పెద్ద కాయిల్ తెచ్చి ఇచ్చేశాడు. “మూడంగుళాల లోతు గుండు దీనికి వినపడనే లేదన్నా, చిన్నదానికి పలికింది” అన్నాడు. బంగారం ఇంకా దొరకలేదు. ఈసారి వాగు ఒడ్డుకు వెళ్తామని, అప్పుడు పెద్దది అద్దెకు తీసుకుంటామని చెప్పి గుళ్లు మరికొన్ని అడిగి తీసుకెళ్లాడు.